లేదంటే రాసివ్వండి: గోదావరి డెల్టాలో ఆరోగ్య హక్కు ప్రచారంపై ఒక కేస్ స్టడీ

2024 జనవరి రెండో వారం నుంచి మే 13న పోలింగు ముగిసేదాకా, కోనసీమలోని సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు, మామిడికుదురు మండలాల్లోనూ, వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున నరసాపురం, మొగల్తూరు పరిసర గ్రామాల్లోనూ జరిగిన ఒక ఆరోగ్య హక్కు ప్రచారానికి సందేశాలు రాసిపెట్టే పని నేను చేశాను. ప్రచారం చేసినవారు ఏ పార్టీకీ చెందరు. వ్యవసాయ కార్మికులు, కొందరు ఆశా కార్యకర్తలు, ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు, ప్రభుత్వ కొలువు నుంచి పదవీ విరమణ చేసిన ఒక డాక్టరమ్మ కలిసి కూర్చుకున్న చిన్న బృందం అది. బరిలో ఉన్న ప్రతి అభ్యర్థి చేతా, వైద్యం పొందడం పౌరుడి హక్కు అని శాసనసభలో చట్టం తెస్తామని బహిరంగంగా చెప్పించాలన్నది వారి కోరిక. ఆసుపత్రులు, ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశాలు కనుక ఆ కోరిక గాలిలో మేడ కాదు. అయితే ఓటరు అడగని మాటను అభ్యర్థి ఎత్తుకోడు; ముందు అది ఊళ్ళో జనం నోట నానాలి. అందుకోసం మొదటి రెండు నెలలూ నేను రాసింది దాదాపు అంతా పారేయవలసి వచ్చింది. ఏది ఎందుకు పారేశామో, నిలిచిన మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో, అది కూడా ఎక్కడ బెడిసికొట్టిందో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వెనకవైపు ఖాళీ లేని కరపత్రం

మొదటి కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ‘వైద్యం మానవ హక్కు’ అని వేశాం. వెనకవైపు అంతా ఆధారాలు. అందరూ అందుకోగలిగినంత ఉన్నతమైన ఆరోగ్యం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని 1946లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రాజ్యాంగంలో రాసుకుంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 25వ అధికరణం వైద్య సంరక్షణను పేరెత్తి చెప్పింది. ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించిన అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. ఇవన్నీ చాలవన్నట్టు, డబ్బు చెల్లించలేని కారణంగా ఏ వ్యక్తికీ తగిన వైద్యం అందకుండా పోకూడదని స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఆరోగ్య సర్వే కమిటీ, భోర్ కమిటీ, చెప్పిన మాటను కూడా చేర్చాం. ఒక్క అక్షరం తప్పు లేని కరపత్రం అది. దాన్ని నేనే రాశాను కాబట్టి దాని మీద నాకు కొంత మమకారం ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

దాన్ని సఖినేటిపల్లి రేవులో పరీక్షించాం. అక్కడి నుంచి నరసాపురం వెళ్ళే పంటు (మనుషుల్నీ బళ్ళనూ నది దాటించే పడవ) మీద మోటారు సైకిళ్ళు, ఆటోలు, చేపల బుట్టలు, బడి పిల్లలు, కూలీలు అందరూ ఒకేసారి ఎక్కుతారు. గోదావరి దాటేంతసేపు ఎవరికీ వేరే పని ఉండదు కాబట్టి, ఒక మాట జనంలోకి ఎలా దిగుతుందో చూడడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దాయన కరపత్రాన్ని రెండువైపులా ఓపికగా చదివాడు.

“బాగుందండి. మరి ఎవరు ఇస్తారంటారు దీన్ని?”

హక్కు కదండీ, ఒకరు ఇచ్చేదేముంది, అని నేను అన్నాను.

“ఆయ్. హక్కంటే మరి కోర్టుకెళ్ళాలి కదండీ. మా అన్నదమ్ముల వాటా హక్కు ఇరవయ్యేళ్ళ నించి కోర్టులోనే ఉందండి.” ఒక్క క్షణం ఆగి, కాగితం వెనక్కి తిప్పి చూపించాడు. “ఇటువైపు ఖాళీగా వదిలేసుంటే దింపు లెక్క రాసుకునేవాణ్ణండి.” దింపు అంటే చెట్ల నుంచి కొబ్బరికాయలు కోయించడం.

ఆ నెల రోజుల్లో ఇదే మాట వేరు వేరు రూపాల్లో విన్నాం. ‘వైద్యం మానవ హక్కు’ అన్నప్పుడు కాదన్నవారు ఒక్కరూ లేరు, కదిలినవారూ లేరు. డెల్టాలో భూమి విలువ ఎక్కువ, కమతాలు చిన్నవి, అన్నదమ్ముల పంపకాలు ఎక్కువ. అందువల్ల హక్కు అన్న మాట వినగానే మనసులో మెదిలేది పట్టా, వాటా, సరిహద్దు రాయి, వాయిదాలు. అంటే హక్కు ఇక్కడ పక్కవాడితో తగువుకు గుర్తు. ప్రభుత్వాన్ని నిలబెట్టి అడిగేదానికి గుర్తు కాదు. ‘మానవ’ అన్న విశేషణం చేరేసరికి అది మరీ పాఠ్యపుస్తకం మాట అయిపోయింది. మానవ హక్కులంటే లాకప్పుల గురించి కదా అని ఒక ఆటో డ్రైవరు నిజాయితీగానే అడిగాడు.

‘ఇచ్చారు’ అనే క్రియతో పోరాటం

రెండో దశలో మేం చేసిన పొరపాటు మొదటిదానికంటే పెద్దది, ఎందుకంటే దాని వెనక ఒక సిద్ధాంతం ఉంది. గ్రామ సమావేశాల్లో జనం చెప్పినవి రాసుకుని చూస్తే, వైద్యం గురించి వాడే క్రియలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి: కార్డు ‘ఇచ్చారు’, ఆపరేషన్ ‘చేయించారు’, పరిమితి ‘పెంచారు’. కర్త ఎప్పుడూ ఒక నాయకుడే. దీనికి చరిత్ర ఉంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. రాష్ట్ర విభజన తరువాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, ఈ ప్రచారం ముగిశాక 2024లోనే మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. డెల్టా ప్రజలకు ఇది దూరపు ముచ్చట కాదు. వెయ్యి రూపాయలు దాటిన బిల్లును పథకమే భరించే పద్ధతిని, 2,059 చికిత్సలతో, 2020 జనవరి 3న ఏలూరులో ప్రారంభించి ముందుగా పశ్చిమ గోదావరి జిల్లాలోనే అమలు చేసి చూశారు. మేం పని మొదలుపెట్టడానికి నెల ముందే, 2023 డిసెంబరులో, పరిమితిని కుటుంబానికి 25 లక్షల రూపాయలకు పెంచారు. ఇన్నిసార్లు పేరు మారిన పథకంలో మారనిది ఒకటే: అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందే వస్తువులా కనిపించడం.

కాబట్టి కృతజ్ఞతే మనకు అడ్డు, దాన్ని ముందు తొలగించాలి అని తీర్మానించుకున్నాం. రెండో కరపత్రం మీద ‘ఇది ఎవరి దయా కాదు’ అని వేశాం. మలికిపురం దగ్గర ఒక ఊళ్ళో, రామాలయం అరుగు మీద జరిగిన సమావేశంలో, 2009లో గుండె ఆపరేషన్ చేయించుకున్న ఒక వ్యక్తి లేచి చొక్కా బొత్తాలు విప్పి, ఛాతీ మీద నిలువునా ఉన్న కుట్ల మచ్చ చూపించాడు. “దయ కాదంటే ఎలాగండీ? అప్పుడు నా దగ్గర పదివేలు లేవు. ఆ కార్డు లేకపోతే ఈపాటికి మా ఆవిడ నా ఫొటోకి దండ వేసుండేది.” అతను కోపంగా లేడు, నొచ్చుకున్నాడు. తన ప్రాణం నిలబెట్టిన దాన్ని తేలిక చేసి మాట్లాడుతున్నామనిపించింది అతనికి. ఆ సభ అక్కడితో చల్లారిపోయింది. పైగా రెండు పార్టీల కార్యకర్తలూ ఆ కరపత్రం తమ నాయకుడి మీదే వేశామని అనుకున్నారు. ఒక పార్టీ అనుకుని ఉంటే అర్థం చేసుకోవచ్చు. రెండూ అనుకోవడం మా రాతలోని లోపమే.

మమ్మల్ని ఆ గుంట నుంచి లాగింది మా బృందంలోని విశ్రాంత తెలుగు మాస్టారు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 వరకు కట్టించిన కాటన్ దొరకు డెల్టాలో ఎన్ని విగ్రహాలున్నాయో లెక్కపెట్టడం కష్టం. ఆ విగ్రహానికి దండ వేసి దండం పెట్టే రైతే, దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీటి వంతు తప్పి కాలువ చివరి శివారు చేలకు నీరు అందకపోతే, తెల్లారగట్ల లాకు (కాలువ తలుపు) దగ్గర నిలబడి నీరు వదిలే లస్కరుతో పోట్లాడతాడు, ఇంజనీరు ఆఫీసు ముందు బైఠాయిస్తాడు. “దణ్ణం వేరు, వంతు వేరు. వీళ్ళకి రెండూ తెలుసు. మీరు దణ్ణం మానిపించి వంతు నేర్పుతామంటున్నారు” అన్నారు మాస్టారు. మేం రెండు నెలలు తవ్వి పట్టుకోలేనిది ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశారు. కృతజ్ఞత హక్కుకు శత్రువు కాదు. కృతజ్ఞత ఒక్కటే ఉండి, వంతు తప్పినప్పుడు ఎక్కడ నిలబడి అడగాలో తెలియకపోవడం అసలు లోటు. ఆసుపత్రికి లాకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

శివారు

దాంతో మూడో సందేశం వచ్చింది: ‘శివారు దాకా నీరు, శివారు దాకా వైద్యం’. మార్చి మొదటి వారంలో దాన్ని మైకు ఆటో మీద, గోడల మీద వాడాం. రైతుల్లో అది వెంటనే పట్టుకుంది. రాత్రి పంటు ఆగిపోయాక సఖినేటిపల్లి వైపు ఎవరికైనా నొప్పులు వస్తే, నరసాపురం ఎదురుగా దీపాలతో కనిపిస్తూ ఉండగానే, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. ఈ పరిస్థితిని మేం వర్ణించకముందే వాళ్ళే ‘మాది శివారు కదండీ’ అని చెప్పుకోసాగారు. ఒక ఉపమానాన్ని శ్రోతలు తామే ముందుకు లాక్కెళితే అది పనిచేస్తున్నట్టు లెక్క.

కానీ మామిడికుదురు మండలంలో వ్యవసాయ కూలీలు ఎక్కువగా ఉన్న ఒక పేటలో అది ముక్కలైంది. నలభై దాటిన ఒక స్త్రీ, నాట్లకూ ఉపాధి పనికీ వెళ్ళే మనిషి, చివరిదాకా విని అడిగింది: “మాకు పొలవే లేదు కదండీ. నీటి తీరువా కట్టేది వేరేవాళ్ళు. వంతు వచ్చేదీ వాళ్ళకే. మరి మా వైద్యం ఏ కాలవలో వస్తుందండి?” సమాధానం చెప్పలేకపోయాం. సాగునీటి హక్కు డెల్టాలో భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. భూమి లేనివాడికీ, తీరువా యజమాని పేర కట్టే కౌలు రైతుకీ, ఆ ఉపమానం తలుపు వేసేస్తుంది. సార్వత్రికం అని చెప్పుకుంటూ ఊళ్ళో సగం మందిని గట్టు మీద నిలబెట్టే పోలిక ఎంచుకోవడం నా పొరపాటు. భూమి ఉన్న కుటుంబంలో పుట్టినవాణ్ణి కావడం వల్లే అది నా కంటికి ఆనలేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

అదే మనిషి ఆ సాయంత్రం మా పనికి దారి చూపింది. ఆమె చెప్పినదాన్ని వీలైనంతవరకు ఆమె మాటల్లోనే రాస్తున్నాను. “ఉపాధి పని అడిగితే రసీదు ఇమ్మని అడగొచ్చని మాకు మీటింగులో చెప్పారండి. రసీదు అడిగితే పని వచ్చేస్తుందండి, రసీదు మాత్రం రాదు. మొన్న ఆసుపత్రిలో బీపీ మాత్రలు లేవన్నారు. లేకపోతే లేవని రాసివ్వండి, మా అబ్బాయికి చూపిస్తానన్నాను. లోపలికెళ్ళి పదిహేను రోజులకి సరిపడా తెచ్చిచ్చారండి.”

‘లేదంటే రాసివ్వండి.’ కార్యాలయాల చుట్టూ తిరిగిన ప్రతి తెలుగువాడూ ఎప్పుడో ఒకప్పుడు అన్న మాట, లేదా అనాలనుకుని మింగిన మాట. అందులో హక్కు అన్న పదం లేదు, హక్కు నిర్మాణం మొత్తం ఉంది. అడిగినవాడు, ఇవ్వవలసినవాడు, తేదీ, నిరాకరణకు కారణం, కింద సంతకం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పేదలకు నేర్పింది సరిగ్గా ఇదే. పని అడిగితే తేదీ వేసిన రసీదు, 15 రోజుల్లో పని, లేకపోతే భృతి. పని హక్కు అనే భావన ఊళ్ళలోకి ఉపన్యాసాల ద్వారా వెళ్ళలేదు, ఆ రసీదు ముక్క ద్వారా వెళ్ళింది.

మేం ఒక చీటీ తయారు చేశాం. పోస్టుకార్డు అంత సైజు, రెండు ప్రతులు, మధ్యలో చిల్లుల గీత. రోగి పేరు అక్కర్లేదు. తేదీ, వేళ, అడిగిన మందు లేదా పరీక్ష లేదా వైద్యుడు, ఇవ్వలేకపోవడానికి కారణం, సంతకం, అంతే. పైన ఒకే వాక్యం: ‘లేదంటే రాసివ్వండి’. అభ్యర్థుల ముందు పెట్టిన డిమాండు కూడా అలాగే మారింది. ‘ఆరోగ్యాన్ని హక్కుగా ప్రకటించండి’ అనడం మానేసి, ‘ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ ఆసుపత్రి అయినా, కార్డు మీద వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రి అయినా, రోగిని వెనక్కి పంపితే కారణం రాసివ్వాలని చట్టం చేస్తారా, చెయ్యరా?’ అని అడిగాం. ఆ ప్రశ్నకు అవును, కాదు తప్ప మూడో జవాబు చెప్పడం కష్టం. రాజకీయ సందేశంలో దీని విలువ ఇంత అని చెప్పలేను.

న్యాయస్థానాల తీర్పులను ఈ దశలోనే తిరిగి వాడుకోగలిగాం. పశ్చిమ బెంగాల్‌లో 1992 జులైలో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ఆరోగ్య కేంద్రం మొదలుకొని కలకత్తా ప్రభుత్వ ఆసుపత్రుల దాకా పడక లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపించారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో దాదాపు పదిహేడు వేలు ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది. అతని తరఫున వ్యవసాయ కూలీల సంఘం వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, నిధులు లేవని చెప్పి రాజ్యం తప్పించుకోజాలదని తేల్చి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. జనవరిలో ఈ కథ చెప్పినప్పుడు ‘ఎన్నాళ్ళకి వచ్చాయండీ ఆ డబ్బులు?’ అన్న ప్రశ్న వచ్చింది; నాలుగేళ్ళు అనగానే వినడం మానేశారు. ఏప్రిల్‌లో అదే కథను, ‘ఆ రాత్రి తిప్పి పంపిన ప్రతి చోటా కారణం రాసిచ్చి ఉంటే ఏమయ్యేది?’ అనే ప్రశ్నతో మొదలుపెట్టి చెప్పాం. అప్పుడు విన్నారు. తమ ఇళ్ళలో జరిగిన తిరుగుళ్ళను, ఏ ఆసుపత్రి నుంచి ఏ ఆసుపత్రికి, చివరికి కాకినాడ పెద్దాసుపత్రికి ఎలా చేరారో, వరసగా చెప్పసాగారు.

డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న

రైతుల సభల్లో ఈ ప్రశ్న తప్పక వస్తుంది, దాన్ని దాటవేసిన ప్రచారం తరువాత బాధపడుతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తుండే పాఠం. అక్కడి కార్మికుల సంఘం ఒకటి 2008లో ‘వైద్యం మానవ హక్కు’ అన్న నినాదంతోనే ఊరూరా తిరిగి ప్రచారం చేసింది. 2011లో అందరికీ వైద్యం అందించే చట్టం కూడా సాధించింది. కానీ దానికి డబ్బు ఎలా సమకూరుతుందన్నది చట్టంలో తేల్చకుండా వాయిదా వేశారు. 2014 డిసెంబరులో లెక్క బయటికి వచ్చి, యజమానులు జీతాల మీద 11.5 శాతం పన్ను కట్టాలని తేలేసరికి గవర్నరే దాన్ని పక్కన పెట్టేశాడు. నినాదం గెలిచింది, బిల్లు చూసి బెదిరిపోయింది. థాయిలాండు ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ. 2001లో అక్కడి ప్రభుత్వం ‘30 బాత్‌లతో ఏ రోగానికైనా వైద్యం’ అని చెప్పింది. హక్కు అన్న మాట ఆ నినాదంలో లేదు. రోగి జేబులోంచి ఎంత పోతుందో మాత్రం ఉంది. అక్కడ ఆ తరువాత ప్రభుత్వాలు కూలిపోయాయి కానీ ఆ వ్యవస్థను తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మేం కొత్త డబ్బు గురించి కాక, ఇప్పటికే పోతున్న డబ్బు గురించి మాట్లాడాం. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి నేరుగా పెట్టేది 2013–14లో 64.2 శాతం ఉండగా 2019–20 నాటికి 47.1 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే, దాన్ని దాచలేదు. కానీ నూటికి దగ్గర దగ్గర నలభై ఏడు రూపాయలు ఇంకా మనమే పెడుతున్నాం, అది ఎక్కడి నుంచి తెస్తున్నాం అని అడిగితే సభలో ఎవరో ఒకరు ‘నూటికి మూడు రూపాయల వడ్డీకండి’ అని అందించేవారు. డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న అప్పుడు అడిగినవారి దగ్గరికే తిరిగి వెళ్ళేది. 2017 జాతీయ ఆరోగ్య విధానం, ప్రభుత్వ ఖర్చును 2025 కల్లా స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరుస్తామని రాసుకున్న సంగతి కూడా చెప్పాం గానీ, శాతాల్లో శాతాలు సభల్లో నిలవవు. అభ్యర్థులతో మాట్లాడేటప్పుడు మాత్రం పనికొచ్చింది.

అదే విధానపు ముసాయిదా 2015లో ఆరోగ్యాన్ని ప్రాథమిక హక్కు చేద్దామా అని ప్రశ్నించి, తుది రూపంలో అందుకు ఇంకా సమయం రాలేదని వెనక్కి తగ్గింది. సదుపాయాలు లేకుండా హక్కు ఇస్తే అది కాగితం మీదే ఉంటుందన్నది వారి వాదం. తేలిగ్గా కొట్టిపారేయదగిన వాదం కాదు. ‘రాసివ్వండి’ అన్న డిమాండుకు మేం మళ్ళడంలో దీని ప్రభావం కూడా ఉంది. సదుపాయం ఎక్కడ లేదో ముందు కాగితం మీదికి రావాలి, అక్కడి నుంచే మిగతాది.

ఎవరి మీద పడింది

ప్రైవేటు డాక్టర్లను శత్రువులుగా చూపించకూడదని మొదటే నిర్ణయించుకున్నాం. రాజస్థాన్ అనుభవం అప్పటికి ఏడాది కిందటిదే. దేశంలో మొట్టమొదటి ఆరోగ్య హక్కు బిల్లు 2023 మార్చి 21న అక్కడి శాసనసభలో నెగ్గింది. అత్యవసర పరిస్థితిలో ముందుగా డబ్బు అడగకుండా వైద్యం చేయాలన్న నిబంధన మీద, ఆ ఖర్చు తిరిగి ఎవరిస్తారన్న అనుమానంతో, ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగారు. ఏప్రిల్ 4న ప్రభుత్వం నుంచి భూమి, రాయితీలు పొందని ప్రైవేటు ఆసుపత్రులకు మినహాయింపు ఇచ్చే ఒప్పందంతో సమ్మె ముగిసింది. డెల్టాలో ఒక పట్టణంలో నర్సింగ్ హోం నడిపే డాక్టరుగారు మాతో, “కార్డు మీద చేసిన ఆపరేషన్లకి నాకు నెలల తరబడి డబ్బు రాలేదు. నేను రోగికి రాసిస్తాను సరే, నాకు ఎవరు రాసిస్తారు?” అన్నారు. న్యాయమైన ప్రశ్న. బకాయి ఎంతకాలంగా ఉందో ఆసుపత్రి కూడా ప్రభుత్వాన్ని రాసివ్వమని అడగవచ్చని డిమాండు పత్రంలో ఒక వాక్యం చేర్చాం. ఆయన సంతకం పెట్టలేదు, కానీ చీటీల కట్ట ఒకటి తన రిసెప్షన్ బల్ల మీద ఉంచుకున్నారు.

ఎదురుదెబ్బ మేం ఊహించని వైపు నుంచి వచ్చింది. ఏప్రిల్ మూడో వారంలో మా బృందంలోని ఆశా కార్యకర్తలే సమావేశానికి రావడం మానేశారు. ఎందుకో కనుక్కుందామని వెళితే, వారిలో పెద్దావిడ చీటీ నా ముందు పెట్టింది. “ఇది ఎవరికి ఇస్తున్నారో తెలుసాండీ? కిటికీ దగ్గర కూర్చునే ఫార్మసిస్టు అమ్మాయికి. లేదంటే మాకు. మందులు పంపనిది మేవా? రాసిచ్చి మా ఉద్యోగం మీదకి తెచ్చుకోమంటారా?” ఒక ఊళ్ళో కుర్రాళ్ళు కొందరు చీటీ పట్టుకుని ఏఎన్ఎంను చుట్టుముట్టి, సంతకం పెట్టేదాకా వదలం అన్నారట. అధికారాన్ని ప్రశ్నించడానికి తయారుచేసిన పనిముట్టు, ఆ వ్యవస్థలో అందరికంటే తక్కువ జీతం తీసుకునే ఆడవాళ్ళ మీద దిగింది.

చీటీని రెండు రోజుల్లో మార్చాం. సంతకం గడి తీసేసి, పైన చిరునామా అచ్చు వేశాం: ఆసుపత్రి వైద్యాధికారికీ, జిల్లా వైద్యారోగ్య అధికారికీ. కిటికీ దగ్గర ఉన్న మనిషి పేరు రాయనక్కర్లేదు. రోగే రాసి పెట్టెలో వేస్తే సరిపోతుంది, రెండో ప్రతి తన దగ్గర ఉంటుంది. దీంతో మాటలోని పదును కొంత పోయింది. ‘రాసివ్వండి’ అన్నది ‘రాసి పడేయండి’ అయిందని కుర్రాళ్ళు వెక్కిరించారు, అందులో నిజం లేకపోలేదు. అయినా ఆశా కార్యకర్తలు తిరిగి వచ్చారు. వాళ్ళు లేకుండా ఈ ప్రచారం ఒక్క గుమ్మం కూడా ఎక్కేది కాదు.

ఫలితాల గురించి క్లుప్తంగా చెబుతాను, చెప్పడానికి ఎక్కువ లేదు కూడా. అభ్యర్థుల్లో కొందరు పత్రంతో ఫొటో దిగారు. దిగినవారిలో ఒకరి కార్యాలయం ‘కారణం రాసివ్వాలి’ అన్న చోట ‘రోగులకు సహకరించాలి’ అని మార్చి మాకే తిరిగి పంపింది. చట్టం హామీ ఎవరి నోటా గట్టిగా రాలేదు. ఒక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి తనంతట తానే ఏ మందులు ఉన్నాయో, ఏవి ఎప్పుడు వస్తాయో సుద్దముక్కతో బోర్డు మీద రాయించడం మొదలుపెట్టారు. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు అది ఇంకా ఉంది, తేదీ మాత్రం నాలుగు రోజుల కిందటిది.

ఈ పద్ధతికి ఉన్న అసలు పరిమితిని చూపింది బోదకాలు ఉన్న ఒక ముసలావిడ. డెల్టాకు బోదకాలు పాత చుట్టం. ఇక్కడి మురుగు కాలువలు, దోమలు, ఆ జబ్బు ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. ఆమె అరుగు మీద కూర్చుని, పక్కన బకెట్టు, సబ్బు పెట్టుకుని, కాలు మడతల మధ్య ఒక్కొక్కటిగా కడిగి, పాత చీర గుడ్డతో ఒత్తుకుని తుడుచుకుంటూ మేం చెప్పింది విన్నది. తీవ్రతను బట్టి ప్రభుత్వం ఇచ్చే పెన్షను ఆమెకు వస్తోంది. “నాకేం రాసిస్తారు బాబూ? ఇది తగ్గదని అందరికీ తెలుసు” అంది. తరువాత తన చిన్నప్పటి సంగతి చెప్పింది. రాత్రి పొద్దుపోయాక లాంతరు పట్టుకుని మనుషులు వచ్చి, నిద్రపోయే పిల్లల్ని లేపి, వేలు పొడిచి గాజు పలక మీద రక్తం తీసుకునేవారట. ఆ పురుగు రక్తంలో రాత్రి వేళే తిరుగుతుంది కాబట్టి రాత్రే రావాలి. “మేం అడగలేదు. వాళ్ళే వచ్చేవారు. మాకు తెలీక దాక్కునేవాళ్ళం.”

ఆ రాత్రి బృందంలో చాలాసేపు వాదన జరిగింది. మా సందేశమంతా అడిగేవాడి చుట్టూ అల్లినది. అడగకముందే ఇంటికి రావలసిన వైద్యం గురించి అందులో ఒక్క ముక్క లేదు. కార్డు మీద జరిగేది ఆపరేషను. దోమల మందు, బోదకాలు మాత్రలు, గర్భిణి ఇంటికి ఏఎన్ఎం రావడం, వీటికి పథకం కట్టిన ప్యాకేజీ ధర ఉండదు. ఎవరూ తిప్పి పంపరు కాబట్టి వీటికి నిరాకరణ చీటీ కూడా ఉండదు. రాకుండా ఊరుకుంటారు, అంతే. దీన్ని ఒక వాక్యంలో పెట్టడం నాకు చేతకాలేదు, ఎన్నికల్లోపు ఇంకెవరికీ చేతకాలేదు.

ఎన్నికల తరువాత చీటీలు మళ్ళీ అచ్చు వేయించినప్పుడు ఒక మార్పు మాత్రం చేశాం. వెనకవైపు పై సగంలో మూడు గడులు గీయించాం: ఏఎన్ఎం వచ్చిన తేదీ, దోమల మందు కొట్టిన తేదీ, బోదకాలు మాత్రలు మింగించిన తేదీ. గుమ్మం పక్కన మేకుకు తగిలించుకోవడానికి పైన చిల్లు పెట్టించాం. కింది సగం ఏం వేయాలన్న దాని మీద మాస్టారు ఒక పద్యం సూచించారు, డాక్టరమ్మ ఓఆర్ఎస్ కలిపే విధానం వేద్దామన్నారు. పంటు మీది పెద్దాయన సంగతి చెప్పి, దింపు లెక్కకని ఆ సగం ఖాళీగా వదిలేయించాను.